బీడీకి విరుగుడుగా నికోటిన్: ఒక విమర్శ

పాముకాటుకు ఇచ్చే మందు పాము విషం సాయంతోనే తయారవుతుందని పాఠకులు ఎరుగుదురు. పొగాకు వ్యసనానికి వాడే మందు కూడ పొగాకు నుంచే తీస్తారని చెబితే మాత్రం చాలమంది నమ్మలేరు. నమ్మినవారు వెంటనే, "ఓహో! విషానికి విషమే విరుగుడన్నమాట" అని తృప్తి పడతారు. ఐతే ఆ పోలిక సరియైనది కాదు. పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కించి, దాని నెత్తురులో పుట్టిన ప్రతిరక్షకాలను వేరుచేసి మందుగా ఇస్తారు. ఆ మందు విషాన్ని పట్టి అణచివేస్తుంది. నికోటిన్ బిళ్ళ సంగతి అట్లా కాదు. అందులో ఉన్నది బీడీలో ఉన్న నికోటినే. అది దేనినీ అణచదు. ఒక దారిన వచ్చే పదార్థాన్ని మరొక దారిన, నెమ్మదిగా, కొలత ప్రకారం అందిస్తుంది. అంతే.

ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్లనే ఈ చికిత్సను గురించి మన ఊళ్ళలో మూడు రకాల మాటలు వినబడుతున్నవి. జనగామలో గాని, మహబూబాబాద్‌లో గాని, భూపాలపల్లిలో గాని నలుగురు కూడినచోట అడిగి చూడండి. "బిళ్ళ నమిలితే బీడీ దానంతట అదే మానిపోతుంది" అంటాడు ఒకడు. "ఒక దయ్యాన్ని వదిలి మరో దయ్యాన్ని పట్టుకోవడమే" అంటాడు ఇంకొకడు. "మనసు గట్టిదైతే మందెందుకయ్యా?" అంటాడు మూడోవాడు. ఈ మూడు మాటలలోను కొంత నిజం కలదు, కొంత పొరపాటు కలదు. ఏది ఎంతవరకు నిజమో విడదీసి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జలాంతర్గామిలో పుట్టిన ఊహ

ఈ మందు చరిత్ర స్వీడన్ దేశంలో మొదలైనది. 1967 డిసెంబరులో లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లేస్ లుండ్‌గ్రెన్ అనే వైద్యుడు, మందుల సంస్థలో పనిచేస్తున్న తన మిత్రుడు ఓవె ఫెర్నో అనే రసాయన శాస్త్రజ్ఞునికి ఒక సంగతి తెలియజేశాడు. జలాంతర్గాములలో పనిచేసే నావికులకు లోపల పొగ తాగడానికి వీలు లేదు. వారు ఆ సమయంలో నోటిలో ఉంచుకొనే పొగాకుతో సరిపెట్టుకొంటున్నారు. అంటే వారు కోరుకొనేది పొగను కాదు, పొగలోని నికోటిన్‌ను. ఆ నికోటిన్‌ను పొగ లేకుండా, తారు లేకుండా ఇవ్వగలిగితే? స్వయంగా పొగతాగే అలవాటున్న ఫెర్నో ఈ ప్రశ్నను పట్టుకొని, నికోటిన్‌ను ఒక జిగురు పదార్థంతో కలిపి, నమిలితే మెల్లగా విడుదలయ్యే బిళ్ళను రూపొందించాడు. 1978లో స్విట్జర్లాండు, 1984లో అమెరికా దానిని మందుగా అంగీకరించినవి. తరువాత చర్మానికి అంటించే పట్టీలు, చప్పరించే బిళ్ళలు, ముక్కులో కొట్టే తుంపరలు వచ్చినవి.

ఈ కథ మన ప్రాంతానికి దూరమైనదేమీ కాదు. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నవి. బొగ్గు పొరలలో మీథేన్ వాయువు పొంచి ఉంటుంది. ఒక్క అగ్గిపుల్ల గీస్తే చాలు, గని అంతా పేలిపోవచ్చును. అందుచేత భూగర్భంలోకి బీడీలు, అగ్గిపెట్టెలు పట్టుకుపోవడం చట్టరీత్యా నిషిద్ధం. పొగ తాగరాని చోట నోటిలో పెట్టుకొనే తంబాకు రాజ్యమేలడం సహజం. జలాంతర్గామిలోని నావికుడు ఏమి చేసినాడో, గని కార్మికుడు కూడ అదే చేస్తాడు. స్వీడన్ శాస్త్రజ్ఞులు అందులో ఒక మందును చూచినారు. మనం దానిని మరో దురలవాటుగా మాత్రమే చూచి ఊరుకొన్నాము.

వేగంలో ఉన్న విషయం

"ఒక దయ్యాన్ని వదిలి మరో దయ్యం" అనే ఆక్షేపణను ముందుగా పరిశీలిద్దాము. బీడీ పొగను పీల్చినప్పుడు అందులోని నికోటిన్ ఊపిరితిత్తుల గుండా నెత్తురులో కలిసి, పది ఇరవై సెకండ్లలో మెదడును చేరుతుంది. మెదడులో హాయిని పుట్టించే కేంద్రాలను అది ఒక్కసారిగా తట్టి లేపుతుంది. పీల్పుకు వెంటనే ఫలం దక్కుతుంది గనుక మెదడు ఆ రెంటినీ ముడివేసుకొంటుంది. రోజుకు ఇరవై బీడీలు, బీడీకి పది పీల్పులు అనుకొంటే, రోజుకు రెండు వందల సార్లు ఈ పాఠం వల్లె వేసినట్లవుతుంది. ఇంతటి శ్రద్ధతో మన విద్యార్థులు ఎక్కాలు కూడ వల్లెవేయరు.

బిళ్ళ నమిలినప్పుడు నికోటిన్ బుగ్గల లోపలి పొర గుండా మెల్లగా ఇంకుతుంది. నెత్తురులో దాని మట్టం పూర్తిగా పెరగడానికి సుమారు అరగంట పడుతుంది. పట్టీ ఐతే కొన్ని గంటలు. అందులోను మట్టం బీడీతో వచ్చినంత ఎత్తుకు పోదు. పదార్థం ఒకటే ఐనా, వేగం తగ్గినప్పుడు దానికి మనిషిని లొంగదీసుకొనే శక్తి కూడ తగ్గుతుంది. అందువల్లనే బిళ్ళకు కొందరు దీర్ఘకాలం అలవాటు పడినా, బీడీకి బానిసలైనంతగా దానికి బానిసలయ్యేవారు తక్కువ.

మరొక ముఖ్య విషయం. పొగాకు పొగలో వేలకొద్ది రసాయనాలున్నవి. ఊపిరితిత్తులలో రాచపుండు పుట్టించేవి తారులోని పదార్థాలు. గుండెకు ప్రాణవాయువు అందకుండా చేసేది కార్బన్ మోనాక్సైడ్. నికోటిన్ మనిషిని కట్టివేసే తాడు మాత్రమే. చంపే కత్తి ముఖ్యంగా పొగలో ఉన్నది. బిళ్ళలో ఆ తారు లేదు, ఆ వాయువు లేదు. కనుక రెండు దయ్యాలూ సమానమనడం శాస్త్ర సమ్మతం కాదు. నికోటిన్ నిరపాయకరమైనదని కూడ అనరాదు. అది గుండె వేగాన్ని, రక్తపు పోటును పెంచుతుంది. గర్భిణులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు వైద్యుని సలహా లేకుండా వాడకూడదు. పసిపిల్లల చేతికి చిక్కితే ప్రమాదం.

సున్నంలోని రసాయనశాస్త్రం

ఇక "నమిలితే చాలు" అనే మొదటి మాటకు వద్దాము. బిళ్ళ పనిచేయలేదని చెప్పేవారిలో పెక్కుమంది దానిని సరిగా వాడనివారే. తప్పు వారిది కాదు. ఎట్లా వాడవలెనో వారికి ఎవరూ చెప్పలేదు.

మన తాత ముత్తాతలు తంబాకును అరచేతిలో నలిపి సున్నం ఎందుకు కలిపేవారు? రుచికోసమని వారనుకొని ఉండవచ్చును. నిజానికి అది చక్కని రసాయన ప్రక్రియ. నికోటిన్ క్షార స్వభావం కలది. ఆమ్లం ఉన్నచోట అది విద్యుదావేశం గల అణువుగా మారుతుంది. అప్పుడు నోటిలోని పొరను దాటలేదు. క్షారం ఉన్నచోట ఆవేశం లేని అణువుగా ఉండి, పొరలోని కొవ్వులో కరిగి సులభంగా లోపలికి పోతుంది. సున్నం క్షారం. కనుక సున్నం తగిలిన తంబాకు 'బాగా పడుతుంది'. నికోటిన్ బిళ్ళను తయారుచేసేవారు ఇదే సూత్రాన్ని అనుసరించి సున్నానికి బదులు సోడియం కార్బొనేట్ వంటి క్షారాలను అందులో చేర్చినారు.

ఇప్పుడు మన అలవాటు చూడండి. పొద్దున్నే ఒక చాయ్ తాగి, వెంటనే బీడీ ముట్టించడం రివాజు. బీడీ మానదలచినవాడు అదే చాయ్ తాగి, వెంటనే బిళ్ళ వేసుకొంటాడు. చాయ్, కాఫీ, సోడాలు ఆమ్ల గుణం కలవి. నోరు ఆమ్లంగా ఉన్నప్పుడు నికోటిన్ పొరను దాటదు. లాలాజలంతో కడుపులోకి జారిపోతుంది. అక్కడినుంచి పీల్చుకొన్నదానిలో అధిక భాగాన్ని కాలేయం నాశనం చేస్తుంది. ఫలితంగా కోరిక తీరదు సరికదా, ఎక్కిళ్ళు, వికారం మొదలవుతవి. "ఈ మందు నాకు పడదు" అని అతడు మిగిలిన బిళ్ళలు పారవేస్తాడు. మందు విఫలమైనదా, చాయ్ దానిని విఫలం చేసినదా?

సరియైన పద్ధతి ఇది. బిళ్ళకు పదిహేను నిమిషాల ముందు నుంచి నీరు తప్ప ఏమీ తాగరాదు, తినరాదు. బిళ్ళను మెల్లగా నాలుగైదు సార్లు నమిలితే మిరియాల ఘాటు వంటిది నాలుకకు తగులుతుంది. అప్పుడు నమలడం ఆపి, దానిని బుగ్గకు, చిగురుకు మధ్య ఉంచవలెను. ఘాటు తగ్గిన తరువాత మళ్ళీ కొద్దిగా నమిలి, మరోచోట ఉంచవలెను. ఇట్లా అరగంట సేపు. మామూలు చూయింగ్ గమ్ వలె గబగబ నమిలితే ఇంతా చేసి ఫలం ఉండదు.

మోతాదు విషయంలోను ఒక సులభమైన గుర్తు కలదు. నిద్ర లేచిన అరగంటలోగా మొదటి బీడీ ముట్టించేవాడు గట్టిగా చిక్కుకొన్నవాడు. అతనికి 4 మిల్లీగ్రాముల బిళ్ళ అవసరం. తరువాత ముట్టించేవానికి 2 మిల్లీగ్రాములది చాలును. 2 మిల్లీగ్రాముల బిళ్ళ నుంచి శరీరానికి నిజంగా అందేది సుమారు 1 మిల్లీగ్రామే. కనుక రోజుకు ఇరవై బీడీలు తాగేవాడు రెండు మూడు బిళ్ళలతో సరిపెట్టుకోజూస్తే అది ఎండిన చెరువులో చెంబెడు నీళ్ళు పోసినట్లే. సుమారు పన్నెండు వారాలు వాడి, క్రమంగా తగ్గించవలెను.

నూటికి ఎందరు?

సక్రమంగా వాడితే ఎంత మేలు? ఇక్కడ ప్రకటనలను కాక ప్రయోగాలను అడగవలెను. 2018లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 133 పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 64,640 మందిని లెక్కలోకి తీసుకొన్నది. నికోటిన్ చికిత్స పొందినవారిలో పొగ మానినవారు, పొందనివారిలో కంటె 1.55 రెట్లు ఉన్నారని తేలినది. "యాభై ఐదు శాతం ఎక్కువ" అని చెబితే ఇది గొప్పగా వినబడుతుంది. కాని లెక్కను విప్పి చూడండి. మందు లేనివారిలో నూటికి పదిమంది మానగలిగినారనుకొంటే, మందుతో పదిహేను పదహారుగురు మానుతారు. అంటే నూటికి అయిదారుగురు అదనం. మిగిలిన ఎనభై నలుగురు మళ్ళీ బీడీకే పోతారు.

ఇది తక్కువా, ఎక్కువా? ప్రకటన చూచి ఆశపడినవానికి తక్కువ. ప్రజారోగ్యం దృష్ట్యా మాత్రం తక్కువ కాదు. వెయ్యిమందికి ఇస్తే యాభై అరవై మంది అదనంగా బయటపడతారు. అది యాభై అరవై కుటుంబాల మాట. పట్టీని, బిళ్ళను కలిపి వాడితే ఒక్కదానిని వాడినదానికంటె ఫలితం మరికొంత మెరుగని కూడ పరిశోధనలు చెబుతున్నవి.

ఐతే ప్రయోగశాలలో నెగ్గిన మందు బజారులో కూడ నెగ్గవలెనని లేదు. అమెరికాలో 1996లో ఈ మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మడం మొదలైనది. కాలిఫోర్నియాలో జరిపిన పరిశీలన 2002లో వెలువడినది. బజారులో కొని తమంతట తామే వాడుకొన్నవారిలో దీర్ఘకాలిక ప్రయోజనం కనబడలేదని దాని సారాంశం. దీనికి సమాధానం లేకపోలేదు: మందు కొనేవారు సహజంగా ఎక్కువ చిక్కుకొన్నవారై ఉంటారు గనుక వారి ఓటమికి మందును నిందించడం సరికాదని కొందరు వాదించినారు. ఆ వాదంలో బలం ఉన్నది. ఐనప్పటికి ఒక పాఠం నిలుస్తుంది. ప్రయోగాలలో పాల్గొన్నవారికి మందుతోపాటు పలకరించే మనిషి ఉన్నాడు, ఎట్లా నమలవలెనో చెప్పే మనిషి ఉన్నాడు, మళ్ళీ ఎప్పుడు రావలెనో గుర్తుచేసే మనిషి ఉన్నాడు. బజారులో బిళ్ళ మాత్రమే ఉన్నది.

మన బీడీ, మన తంబాకు

ఈ చికిత్సపై నా ముఖ్యమైన ఆక్షేపణ ఇక్కడ మొదలవుతుంది. ఈ మందు సిగరెట్టు తాగే దేశాలలో, సిగరెట్టు తాగేవారికోసం పుట్టినది. మన సమస్య రూపం వేరు. 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం భారతదేశంలో వయోజనులలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగతాగేవారు 10.7, పొగలేని పొగాకు వాడేవారు 21.4. పొగతాగేవారిలోను బీడీ వాడేవారు వయోజన జనాభాలో 7.7 శాతమైతే, సిగరెట్టు వాడేవారు 4 శాతమే. అంటే మన దేశంలో 'పొగాకు మనిషి' అనగానే కళ్ళముందు నిలవవలసినవాడు సిగరెట్టు బాబు కాదు. బీడీ కూలీ, తంబాకు నమిలే ముసలమ్మ.

బీడీలో పొగాకు తక్కువ. సిగరెట్టులో ఉన్నదానిలో నాలుగో వంతు మాత్రమే. అందుచేత అది తేలికైనదని జనం నమ్మకం. కాని తునికాకు కాగితం వలె గాలిని లోపలికి రానివ్వదు. పీల్చకపోతే ఆరిపోతుంది. కనుక తాగేవాడు గట్టిగా, తరచుగా పీలుస్తాడు. నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్‌లు సిగరెట్టుకు తీసిపోకుండా అందుతవి. సిగరెట్టు లెక్కన బిళ్ళల సంఖ్య నిర్ణయించేవారు ఈ సంగతి మరచిపోరాదు.

నమిలేవారి విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. పొగతాగేవారిలో నికోటిన్ బిళ్ళ, పట్టీ చూపినంత మేలు నమిలేవారిలో చూపలేదు. వారికి మనిషి మాట సాయమే ఎక్కువ అక్కరకు వచ్చినట్లు పరిశోధనలు సూచిస్తున్నవి. అది ఆశ్చర్యం కాదు. తంబాకు నమిలేవాడు ఇదివరకే నికోటిన్‌ను నెమ్మదిగా, బుగ్గ గుండా తీసుకొంటున్నాడు. బిళ్ళ అతనికి కొత్తగా ఇచ్చేదేమున్నది?

మూడోది ధర. ఒక్క బిళ్ళ ధరకు అనేక బీడీలు వస్తవి. వేసవిలో మహాదేవపూర్, కాటారం అడవులలో తెల్లవారకముందే తునికాకు కోయబోయి, ఏభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లంలో అప్పజెప్పే కూలీ రోజుకు పది బిళ్ళలు కొని, పన్నెండు వారాలు నమలగలడా? అతడు కోసిన ఆకే బీడీగా చుట్టబడి చౌకగా అతని చేతికి తిరిగి వస్తుంది. దానినుంచి విడుదల చేసే మందు మాత్రం పట్నపు ధరకు వస్తుంది. ఈ విపరీతాన్ని సరిదిద్దకుండా "మందు ఉన్నది, వాడరేమి?" అని అడగడం న్యాయం కాదు.

మనసు, మందు, మనిషి

మూడోవాడి మాట మిగిలినది: "మనసు గట్టిదైతే మందెందుకు?" మందు లేకుండా మానినవారు లోకంలో కోట్లమంది ఉన్నారు, నిజమే. మన తెలుగు దేశంలోనే దీనికి గొప్ప నిదర్శనం కలదు. శ్రీకాకుళం జిల్లాలో చుట్టను నిప్పున్నవైపు నోటిలో పెట్టుకొని తాగే అడ్డపొగ అలవాటు ఉన్నది. దానివల్ల అంగిట్లో వచ్చే మచ్చలను గురించి పిండ్‌బోర్గ్, మెహతా మొదలైనవారు 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రకటించినారు. 1977-78లో అదే శ్రీకాకుళంతోపాటు ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో సుమారు 36,000 మంది పొగాకు వాడకందారులను ఎన్నుకొని, ఇంటింటికి పోయి మాట్లాడి, బొమ్మలు, చలనచిత్రాలు చూపి, మానమని బోధించినారు. మందు ఇవ్వలేదు. ఐదేండ్ల తరువాత చూస్తే, బోధన లేనివారితో పోల్చినప్పుడు మానినవారు ఎక్కువ, నోటిలో తెల్లమచ్చలు తక్కువ. ఈ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వెలువడినవి.

దీనిని చూపి "మందు అక్కరలేదు" అనేవారు ఒక సంగతి మరుస్తున్నారు. ఆ గ్రామీణులను ఒంటరిగా వదిలి, మనసు గట్టి చేసుకొమ్మని చెప్పలేదు. ఏటేటా ఇంటికి వచ్చి నోరు తెరిపించి చూచే మనుషులు ఉన్నారు. అక్కడ పనిచేసినది వట్టి మనోబలం కాదు, ఆదరణ. మానిన మొదటి వారంలో చిరాకు, నిద్రలేమి, ఆకలి, మనసు నిలవకపోవడం తీవ్రంగా ఉంటవి. మూడు నాలుగు వారాలలో తగ్గుతవి. ఇది గుణలోపం కాదు. నికోటిన్‌కు అలవాటుపడిన నాడులు సర్దుకొంటున్న లక్షణం. ఆ నాలుగు వారాల వాగును దాటడానికి బిళ్ళ ఒక తెప్ప. తెప్ప ఎక్కినవానిని పిరికివాడనడం ఎంత తప్పో, తెప్ప ఉన్నది గనుక తెడ్డు వేయనక్కరలేదనడం కూడ అంతే తప్పు.

గురజాడవారి గిరీశం చుట్టను పొగడుతూ పద్యం చదివితే మనం నవ్వుకొంటాము. పొగాకును పొగడడానికి మన సాహిత్యంలో మాటలకు కొదువ లేదు. దానిని విడువలేక బాధపడేవానితో మాట్లాడడానికి మాత్రం మనకు "మానెయ్" అనే ఒక్క మాటే ఉన్నది. బీడీ విడిచి మళ్ళీ ముట్టించినవాడు సిగ్గుపడి వైద్యునివద్దకు పోవడమే మానుకొంటున్నాడు. క్షయకు మందు మింగుతూ చాటుగా బీడీ తాగే రోగికి కావలసినది తిట్టు కాదు, మోతాదు.

చేయదగినది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే నికోటిన్ చికిత్సను ఆవశ్యక ఔషధాల పట్టికలో చేర్చినది. మన దేశపు ఆవశ్యక ఔషధాల పట్టికలో అది 2022లో చేరినది. 2016 నుంచి 1800-11-2356 అనే ఉచిత టెలిఫోను సహాయం నడుస్తున్నది. తెలుగులో కూడ మాట్లాడతారు. పొగాకు పొట్లాలపై ఆ అంకె అచ్చు వేస్తున్నారు. బీడీ ముట్టించే చేతిలోనే ఆ అంకె ఉన్నది, చదివేవారు తక్కువ. మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. అంటే పట్టిక ఉన్నది, టెలిఫోను ఉన్నది, వైద్యులున్నారు. లేనిది వీటిని కలిపే ముడి.

ఆ ముడి కష్టమైనదేమీ కాదు. ప్రభుత్వాసుపత్రికి ఏ జబ్బుతో వచ్చినా "పొగాకు అలవాటున్నదా, లేచిన ఎంతసేపటికి మొదటిది?" అని అడగవలెను. మానదలచినవానికి బిళ్ళ ఉచితంగా ఇవ్వవలెను. ఇచ్చేటప్పుడు చాయ్ సంగతి, బుగ్గలో ఉంచే సంగతి మన భాషలో చెప్పి, ఎదుట ఒక బిళ్ళ నమిలించి చూపవలెను. వారం తరువాత మళ్ళీ పలకరించవలెను. తంబాకు నమిలేవారికి బిళ్ళకన్న పలకరింపులు ఎక్కువ ఇవ్వవలెను. పొట్లంలోని వాడుక కాగితం తెలుగులో, పెద్ద అక్షరాలలో, బొమ్మలతో ఉండవలెను.

నికోటిన్ బిళ్ళ మహిమ కలది కాదు, మోసమూ కాదు. నూటికి అయిదారుగురిని అదనంగా ఒడ్డు చేర్చగల సామాన్యమైన మందు. పక్కన మనిషి నిలబడితే ఆ సంఖ్య పెరుగుతుంది. పక్కన చాయ్ గ్లాసు నిలబడితే ఆ అయిదారుగురు కూడ దక్కరు.